గవరమ్మ మూడుసార్లు చెప్పిన మాట

అనగనగా సముద్రపుటొడ్డున శంఖతీరమనే రాజ్యం ఉండేది. హతుడి ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే హంతకుణ్ణి ఉరితీయాలన్నది అక్కడి కట్టడి.

ఆ రాజ్యంలో గవరమ్మ, సింహాద్రి అనే దంపతులు ఉప్పు పండించుకుని బతికేవారు. ఒక ఉదయం సింహాద్రి ఉప్పుమడి గట్టుమీద శవమై కనిపించాడు. ముందురోజు అతనితో గొడవపడ్డ దాలయ్యను భటులు పట్టుకున్నారు. తను చంపలేదని దాలయ్య ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. గవరమ్మ కూడా నమ్మలేదు.

మంత్రి ఆమెను పిలిపించాడు. "ఒక్కణ్ణి ఉరితీస్తే వందమంది భయపడతారు. సరేనను తల్లీ."

"చెరలో పెట్టండయ్యా. చంపమని మాత్రం నేననను" అంది గవరమ్మ.

తర్వాత మరిది అప్పన్న వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "వాడు బతికుంటే నాకు ముద్ద దిగదు వదినా."

"నాకూ దిగడం లేదు. వాడు చస్తే దిగుతుందని ఎవరు చెప్పారు? నా పేరు చెప్పి ఇంకో మనిషిని చంపనివ్వను."

అప్పన్న ఆమెతో మాటలు మానేశాడు. ఊరు ఆమెను బండరాయి అంది. గవరమ్మ పగలంతా ఉప్పు తీసేది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏడ్చేది.

రెండేళ్లకు ఒక దొంగ పట్టుబడ్డాడు. వాడి దగ్గర సింహాద్రి వెండి మొలతాడు దొరికింది. తానే చంపానని వాడు ఒప్పుకున్నాడు. దాలయ్యను విడిచిపెట్టారు.

రాజు విజయకేతుడు గవరమ్మను, దాలయ్యను, దొంగను నిండుసభకు రప్పించాడు. "అమ్మా, ఈసారి సందేహం లేదు. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

గవరమ్మ దొంగ ముఖంలోకి చూసింది.

"దాలయ్యను పట్టుకున్నప్పుడూ మనకు సందేహం లేదు మహారాజా. వీణ్ణి చూస్తే నా కడుపు రగిలిపోతోంది. బతికినన్నాళ్లూ వీడు చెరలోనే ఉండాలి. కానీ ఉరితాడంటూ ఉంటే, ఇవాళ వీడికి బిగిస్తారు, రేపు ఇంకో దాలయ్యకు బిగిస్తారు. నేను ఒప్పుకోను."

"భయం పోతే నేరాలు పెరుగుతాయి ప్రభూ" అన్నాడు మంత్రి.

"అదిగో దాలయ్య. ఆ మాట అతనికి చెప్పు" అన్నాడు రాజు.

మంత్రి దాలయ్యవైపు తిరిగాడు. వెనక్కి వెళ్లి తన ఆసనంలో కూర్చున్నాడు.

రాజు ఆనాటితో శంఖతీరంలో ఉరిశిక్షను రద్దు చేశాడు. దొంగకు యావజ్జీవం చెర పడింది. సభ ముగిశాక అప్పన్న వచ్చి, "ఇంటికి పోదాం వదినా" అన్నాడు.

పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేని మనిషి, ఎంత కోపంలోనైనా, ప్రాణం తీసే హక్కు కోరకూడదు.