మేడ మీద వడియాలు

నృసింహావధానిగారి వైద్యాశ్రమంలో ప్రశ్న అడిగినవాడికి ఆ పూట జవాబు దొరికేది కాదు, పని దొరికేది. పసరు నూరమనో, నూతి దగ్గర కూర్చోమనో అనేవారాయన. అందుకే చాలామంది శిష్యులు ప్రశ్నలు మానేసి హాయిగా పుస్తకాలు చదువుకునేవారు. వాళ్ళ తెలివి వాళ్ళది.

ఒకనాడు కేదారి అనే శిష్యుడు పెట్టె సర్దుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, గురువుగారికి కాస్త దూరంగా వచ్చి నిలబడ్డాడు. ఆ వారం ఒక రోగి ఎదురుగా తుమ్మిన పాపానికి అతనికి జలుబు, దగ్గు, ఒళ్ళు కాలిపోయే జ్వరం పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది గానీ ఒళ్ళు నొప్పులూ సిగ్గూ ఇంకా తగ్గలేదు.

"గురువుగారూ, కంటికి కనబడని వైరస్‌కి ఇంత మనిషినీ మంచం పట్టాను. దాన్ని ఎదిరించే శక్తే నా ఒంట్లో లేదా? ఇలాంటివాడు రేపు ఎవరికి వైద్యం చేస్తాడు? ఇంటికి వెళ్ళిపోతాను, సెలవిప్పించండి" అన్నాడు. గొంతు బొంగురుపోవడం వల్ల ఆ మాటలు మరీ జాలిగా వినిపించాయి.

"వెళ్దువుగాని నాయనా. ముందు మేడ మీద ఓ మూల కుర్చీ వేసుకుని వడియాలు ఎండుతుంటే చూడు. ఏం జరిగినా కుర్చీలోంచి లేవకు" అన్నారు అవధానిగారు.

వంటావిడ పేరిందేవమ్మగారు పొద్దున్నే పాత పంచెలు పరిచి గుమ్మడి వడియాలు పెట్టి వెళ్ళారు. అవింకా పచ్చిగానే ఉన్నాయి. కాసేపటికి నీళ్ళ ట్యాంకు గొట్టం పట్టుకుని ఒక కోతి దిగింది. పెద్దదేం కాదు, పిల్లకోతి. అది గుప్పెడు వడియాలు నోట్లో వేసుకుందో లేదో, ఎవరో "కోతి!" అని కేకేశారు. ఇక చూడాలి! తోటమాలి కర్రతో, శిష్యులు కంచాలు వాయించుకుంటూ, ఒక పెద్దాయన గొడుగుతో మేడ మీదికి ఎగబడ్డారు. కోతి గొట్టం ఎక్కి పోయింది. అది పోవడం ఎవరూ చూడలేదు. పంచెల మీద నుంచి అటూ ఇటూ పరుగెత్తి ఒకరి మీద ఒకరు పడ్డారు.

పేరిందేవమ్మగారు వచ్చి నెత్తి కొట్టుకున్నారు. "కోతి తింటే దాని కడుపైనా నిండేది. మీ అరికాళ్ళకి అంటుకుంటే ఎవరికి లాభం నాయనా!"

కేదారి నవ్వీ నవ్వీ దగ్గుతూ కిందికి వచ్చాడు.

"కోతి ఎంత తింది?" అని అడిగారు గురువుగారు.

"గుప్పెడండి."

"మరి తక్కినదంతా?"

"మనవాళ్ళే తొక్కారండి."

"ఊఁ. ఇంకో నాలుగు రోజులు చూసి వెళ్ళు."

పేరిందేవమ్మగారు మళ్ళీ వడియాలు పెట్టారు. కోతి మళ్ళీ వచ్చింది, మళ్ళీ గోల జరిగింది, కాకపోతే ఈసారి కాస్త తక్కువగా. ఆవిడ మాత్రం గోలలో కలవకుండా నిలబడి, కోతి ఏ గొట్టం మీదుగా దిగుతోందో, దాని చెవి ఎక్కడ చిరిగి ఉందో చూసుకున్నారు. తర్వాతిసారి అది దిగే వేళకి ఆవిడ ఆ గొట్టం కిందే పీట వేసుకుని కూర్చున్నారు. చెవి కనబడగానే గొట్టం మీద గరిటెతో ఒక్క దెబ్బ వేశారు. కోతి వచ్చిన దారినే పోయింది. కింద ఉన్నవాళ్ళకి కోతి వచ్చిన సంగతే తెలియలేదు. ఒక్క వడియమూ చెదరలేదు.

ఆ సాయంత్రం కేదారి పెట్టె పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. "అయితే నా జ్వరం, ఆ ఒళ్ళు నొప్పులు... చాలావరకు ఆ వైరస్‌ని తరమబోయిన నా ఒంట్లో వాళ్ళ తొక్కుడేనా అండీ? మరి రేపు వేరే కోతి వేరే దారిలో వస్తే?"

"మళ్ళీ కొంత గోల తప్పదు. పేరిందేవమ్మ మళ్ళీ పీట వేసే చోటు వెతుక్కోవాలి" అన్నారు అవధానిగారు. తర్వాత అతని చేతిలోని పెట్టెకేసి చూసి నవ్వారు.

"అంత గోల జరిగిన ఇంట్లో మనుషులే లేరంటావేమిటి, నాయనా?"