నమూనా నౌకలో మర్యాద

భూమి తలకిందులైనా కౌండిన్య మనసు చెక్కుచెదరదని ముల్లోకాల్లోనూ ప్రసిద్ధి. ముల్లోకాలంటే మరేం లేదు, కౌండిన్య, వాళ్లమ్మ, వాళ్లింటి అద్దం.

అంతరిక్షంలో ఏడాదిపాటు ఉండి రావడానికి శిక్షణ పొందుతున్న అతగాడు ఒకనాడు పరాంకుశంగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన పూర్వం జలాంతర్గాముల్లో పనిచేసి, ఇప్పుడు వ్యోమగాముల మనసులకు తర్ఫీదు ఇస్తున్న గురువు. ఆయన సరేనంటేనే ప్రయాణం.

"గురువుగారూ, నేను ఎవరితోనూ గొడవపడను. ఇక నాకు నేర్పడానికి ఏముందండీ?"

ప్రశ్నకు జవాబు చెప్పడం పరాంకుశంగారికి అలవాటు లేదు. తోటి శిక్షణార్థి ఎస్తేరును జతచేసి, నేలమీదే కట్టిన నమూనా నౌకలోకి పంపి తలుపు వేయించారు.

లోపల చోటు రెండు మంచాలంత. పనిచేస్తున్నంతసేపూ ఎస్తేరుది ఒకటే కూనిరాగం. కౌండిన్యవి ఒకటే మెటికలు. అయినా మైకులో గురువుగారు "ఎలా ఉందర్రా?" అంటే, "హాయిగా ఉందండీ" అని ఇద్దరూ కూడబలుక్కున్నట్టు చెప్పేవారు. "ముందు మీరు తినండి", "అబ్బే, మీరే కానివ్వండి" అనుకుంటూ ఉప్మా చల్లార్చేవారు. పెళ్లిచూపుల్లో కూడా అంత మర్యాద ఉండదు. కౌండిన్య మాత్రం అదంతా తన నిగ్రహమేనని మురిసిపోయాడు.

కొన్ని వారాలయ్యాక ఓ ఉదయం గురువుగారు ఉత్తుత్తి ప్రమాదం ఒకటి కల్పించారు. గాలి లీకవుతోందని ఎస్తేరు ముందు ఎర్రదీపం వెలిగింది. పట్టుకున్న మీట వదలడానికి వీల్లేక, "కౌండిన్యగారూ, మీ వెనకాల వాల్వు మూయండి!" అని గొంతు చించుకుంది. ఆయనగారు తాపీగా కిటికీ తుడుచుకుంటున్నారు.

కాసేపటికి మైకు పలికింది. "ఇద్దరూ పోయారు. బయటికొచ్చి కాఫీ తాగండి."

"ఆ అమ్మాయి అంతలా అరిస్తే వినపడలేదా?" అని బయట గురువుగారు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఫ్యాను హోరండీ," అన్నాడు కౌండిన్య. గురువుగారు కాఫీ ఊదుకుంటూ కూర్చున్నారు. చివరికి కౌండిన్య రెండు చెవుల్లోంచీ దూది ఉండలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆ రాగం భరించలేక... చెబితే ఏం బావుంటుందని... మొదటి వారం నుంచీ పనివేళల్లో ఇంతేనండీ."

ఎస్తేరు నోరు తెరిచింది. "చెవుల్లో సరే, నోట్లో దూది ఎవరు కుక్కారండీ? ఆపమంటే ఆపనా? అయినా మీ మెటికల చప్పుడు వినలేకే కదా నేను పాడుకుంది!"

"ఆ ముక్క మీరైనా చెప్పొచ్చుగా!"

మాటా మాటా పెరిగింది. మధ్యలో ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వు ఆగాక కౌండిన్యకు ప్రయాణం గుర్తొచ్చింది. "అయితే నా పేరు కొట్టేస్తారాండీ?"

"మీరిద్దరూ మాట్లాడుకోవడం ఇప్పుడే కదయ్యా మొదలైంది," అన్నారు పరాంకుశంగారు. "కాఫీ తాగేసి మళ్లీ లోపలికి పదండి."