రూతమ్మ ఎక్కితే కదలని బండి

"పనికిరాని మనిషిని గుర్తుపట్టడం ఎట్లా గురువుగారూ?"

వీరభద్రం ఈ ప్రశ్న అడిగింది పొద్దున్నే, టీ గ్లాసు చేతిలో ఉండగా. అడిగిన తీరు చూస్తే జవాబు తానే రాసుకుని, కింద గురువుగారి సంతకం కోసం వచ్చినట్టుంది.

ముక్తేశ్వరరావుగారు చీరాలలో బండ్ల కరెంటు పని నేర్పుతారు. వైర్ల గురించి అడిగినా, మనుషుల గురించి అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతిలో టెస్టు లాంపు పెట్టి ఎక్కడికో ఒకచోటికి వెంటబెట్టుకుపోతారు. టెస్టు లాంపంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. ఒక తీగ, ఒక మొన, మధ్యలో చిన్న బల్బు. మొన ఆనించిన చోటికి కరెంటు వస్తే బల్బు వెలుగుతుంది, రాకపోతే లేదు. శిష్యుల్లో వీరభద్రం పెద్దవాడు, సొంత షాపు ఉన్నవాడు. మనిషి కూడా భారీ. అతను వస్తుంటే కుర్చీలు గోడకు జరుగుతాయని తోటివాళ్ల వేళాకోళం.

"ఎవరి సంగతి?" అన్నారు గురువుగారు.

"ఎవరనేం లేదండీ. ఊరికే, మామూలుగా."

"రూతమ్మ సంగతేనా?"

వీరభద్రం టీ గ్లాసు కింద పెట్టాడు. గురువుగారు లేచి చెప్పులు వేసుకున్నారు, టెస్టు లాంపు శిష్యుడి చేతికిచ్చారు.

సంగతేమిటంటే, ఊరి చివర క్రికెట్ మైదానంలో గడ్డి కోసే బండి ఒకటుంది. తోసుకుంటూ పోయేది కాదు, చిన్న ట్రాక్టరులాగా ఎక్కి కూర్చుని నడిపేది. ఏళ్ల తరబడి దాన్ని పేరయ్య నడిపాడు. అతను పని మానుకుంటూ, కొడవలితో మైదానం అంచులు కోసే రూతమ్మకు నడపడం నేర్పి, "ఇక నీదేనమ్మా" అని వెళ్లిపోయాడు. రూతమ్మ బక్కపలచని మనిషి. నోరు మాత్రం బక్కది కాదు. చెప్పులతో పిచ్ మీద కాలు పెట్టినవాడు క్రికెట్ సంఘం పెద్దలలో ఒకడైనా సరే, దులిపి పంపిస్తుంది. ఆ నోటి పుణ్యాన ఆమె ఎప్పుడు జారిపడుతుందా అని కాచుక్కూర్చున్నవాళ్లకు కొదవలేదు.

అలాంటి మనిషికి బండి ఎదురుతిరిగింది. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎప్పుడైనా దయదలచి స్టార్టయినా, గతుకు మీదికి ఎక్కగానే టక్కున ఆగిపోతుంది. వీరభద్రాన్ని పిలిపించారు. అతను వచ్చి, "దిగమ్మా, నేను చూస్తా" అని తానెక్కి తాళం తిప్పాడు. బండి బుద్ధిగా స్టార్టయింది. ఇంకోసారి పిలిపించారు, ఇంకోసారీ అదే కథ. ఎందుకైనా మంచిదని కొత్త బ్యాటరీ వేశాడు. అయినా రూతమ్మ ఎక్కితే మళ్లీ మౌనవ్రతమే. చివరికి "బండిలో లోపమేమీ లేదండీ" అని సంఘం కార్యదర్శి పాండురంగారావుకు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

కార్యదర్శికి కావలసిందీ ఆ మాటే. ఆయనకు ఖాళీగా ఉన్న బావమరిది ఒకడున్నాడు. ఆ మధ్యాహ్నం బండి తాళం అతని చేతికి పోవాలి, రూతమ్మ చేతికి మళ్లీ కొడవలి రావాలి. ఎండలో వంగి వంగి నడుము పోగొట్టుకున్న మనిషికి ఆ సీటు అంటే ఏమిటో, కుర్చీల్లోనే పుట్టి పెరిగినవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

వీళ్లు వెళ్లేసరికి కార్యదర్శీ, బావమరిదీ, వాచ్‌మనూ షెడ్డు ముందే ఉన్నారు. రూతమ్మ స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఏడ్చిన ముఖమే, కాని ఏడ్చినట్టు ఎవరికీ తెలియనివ్వకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తోంది.

"మీరెందుకు శ్రమపడటం మాస్టారూ?" అన్నాడు కార్యదర్శి. "వీరభద్రం ఎక్కితే నడుస్తుంది. వాచ్‌మన్ ఎక్కితే నడుస్తుంది. నిన్న మావాడు ఎక్కినా నడిచింది. ఈమె ఎక్కితేనే నడవదు. ఆడలేక మద్దెల ఓడన్నదట ఎవతో!"

"అందరికీ నడిచి నాకే నడవకపోవడానికి ఆ బండేమైనా తమరి చుట్టమా?" అంది రూతమ్మ.

"చూశారా ఆ నోరు!"

"చూశానండీ. మద్దెల కూడా ఒకసారి చూద్దాం," అన్నారు గురువుగారు. "ఎక్కమ్మా రూతమ్మా. బ్రేకు తొక్కి తాళం తిప్పు."

ఆమె ఎక్కి తాళం తిప్పింది. చప్పుడు లేదు. బావమరిది చిన్నగా నవ్వాడు. వీరభద్రం అలవాటు కొద్దీ ముందుకొచ్చి, "దిగమ్మా, నేను..." అన్నాడు.

"ఎందుకు దింపడం?" అన్నారు గురువుగారు. "జ్వరం ఉన్నప్పుడే గదా నాడి చూడాలి. నువ్వు దింపగానే దానికి జ్వరం తగ్గిపోతోంది. అమ్మా, నువ్వు దిగొద్దు. నేను చెప్పినప్పుడల్లా తాళం తిప్పుతూ ఉండు. భద్రం, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టు. కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో అదే మనకు చెబుతుంది. తొందరపడి నువ్వు చెప్పొద్దు."

వీరభద్రం మోకాళ్ల మీద కూర్చున్నాడు. బ్యాటరీ దగ్గర లాంపు వెలిగింది. ఫ్యూజుకు రెండు వైపులా వెలిగింది. స్టార్టరు మోటారుకు కరెంటు వదిలే రిలే దగ్గర పెద్ద వైరు మీద కూడా వెలిగింది. అదే రిలేకు తాళం నుంచి ఆజ్ఞ తెచ్చే సన్న వైరు ఉంది. రూతమ్మ తాళం తిప్పింది. అక్కడ వెలగలేదు.

"మోటారు మంచిదే. మాటే దానిదాకా రావడం లేదు," అన్నారు గురువుగారు. "వెనక్కి పో."

తాళం దగ్గర వెలిగింది. బ్రేకు కింద ఉన్న స్విచ్చి దాటాక వెలిగింది. గడ్డి కోసే బ్లేడు స్విచ్చి దాటాక కూడా వెలిగింది. ఇక మిగిలింది సీటు కింది స్విచ్చి ఒక్కటే. మనిషి కూర్చుంటే సీటు కిందికి దిగి ఆ స్విచ్చిని నొక్కుతుంది. సీట్లో ఎవరూ లేకుండా బండి నడవకూడదని చేసిన ఏర్పాటది. వీరభద్రం పక్కనుంచి చెయ్యి దూర్చి మొన ఆనించాడు. స్విచ్చికి ఇవతల లాంపు వెలిగింది. అవతల చీకటి.

అతను తలెత్తి సీటును చూశాడు, దాని మీద కూర్చున్న సన్నని మనిషిని చూశాడు, తర్వాత తన పొట్ట చూసుకున్నాడు. వాచ్‌మన్‌ను, బావమరిదిని కూడా ఒకసారి చూశాడు. ముగ్గురూ ముగ్గురే.

"సీటు వెనక అంచు మీద చెయ్యి వేసి నొక్కు," అన్నారు గురువుగారు. "అమ్మా, తిప్పు."

బండి గర్జించింది. షెడ్డు రేకులు అదిరాయి, రేకుల మీది పిచ్చుకలు లేచిపోయాయి. రూతమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి "ప్రభువా!" అని పెద్దగా అరిచింది.

ఇంజను ఆపి ఆమెను అప్పుడు దింపారు. సీటెత్తి చూస్తే, స్ప్రింగుల పక్కన లారీ టైరు ముక్క ఒకటి బిగించి ఉంది.

"అది పేరయ్య బాబాయిది!" అంది రూతమ్మ. "ఆయన బరువుకు సీటు మరీ కుంగిపోతుందని పెట్టుకున్నాడండీ. టైరు కోసిచ్చింది నేనే."

పేరయ్యలాంటివాడు కూర్చుంటే ఆ రబ్బరు అణిగి స్విచ్చి నొక్కుకునేది. రూతమ్మ కూర్చుంటే రబ్బరుకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఎప్పుడైనా వెనక్కి ఒరిగి కూర్చుంటే స్విచ్చి కొద్దిగా నొక్కుకున్నా, గతుకుల మీద ఎగిరినప్పుడు ఆ కాస్త బరువూ లేచిపోయి ఇంజను ఆగిపోయేది. ఈ గతుకుల సంగతి ఆమె మొదటి రోజునుంచీ చెబుతూనే ఉంది. వీరభద్రం విన్నాడు కూడా, నోరున్న మనిషి మాట విన్నట్టు విన్నాడు.

తప్పు తెలిసిన ఉత్సాహంలో అతను, "స్విచ్చి వైర్లు రెండూ కలిపి చుట్టేస్తాను గురువుగారూ, పీడా పోతుంది," అన్నాడు.

"చుట్టేస్తే రేపు ఆమె కింద పడినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. స్విచ్చి జోలికి పోకు. సీట్లో మనిషి ఉన్న సంగతి బండికి తెలియాల్సిందే. ఈమె ఉన్న సంగతి కూడా తెలిసేట్టు చెయ్యి, చాలు."

టైరు ముక్క ఊడదీశారు, గురువుగారు దాన్ని తన సంచిలో వేసుకున్నారు. స్ప్రింగుల బిగువు ఆమె బరువుకు తగ్గట్టు సడలించారు. రూతమ్మ చీర కొంగు దోపుకుని ఎక్కింది, తాళం తిప్పింది. మొదటి తిప్పుకే స్టార్టయింది. కార్యదర్శి ఏదో అనబోయాడు గాని ఇంజను చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. వినపడిందల్లా రూతమ్మ గొంతే: "జరగండి సార్, తమరు పిచ్ మీద నిలబడ్డారు!"

ఆయన జరిగాడు. చెప్పులు విడిచి చేతపట్టుకుని మరీ జరిగాడు.

ఆమె మైదానమంతా తిరిగింది. కావాలనే గతుకుల మీదినుంచి పోనిచ్చింది. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాక్టీసుకు వచ్చిన ఆటగాళ్లు బౌండరీ దగ్గర వరసగా నిలబడి, సిక్సరు కొట్టినప్పుడు చేసే గోలంతా చేశారు. వెనక పచ్చగా, చాపలు పరిచినట్టు చారలు పడుతూ పోయాయి. కోత పూర్తిచేసి ఆమె బండిని కార్యదర్శి ముందే ఆపి, తాళం తీసి, ఆయన చూస్తుండగానే కొంగున ముడివేసుకుంది. అడిగే ధైర్యం ఆయనకు గాని, బావమరిదికి గాని లేకపోయింది.

"మద్దెల ఓడేనండీ," అని ఆయనకు చెప్పి గురువుగారు బయలుదేరారు.

వీరభద్రం వెంట నడిచాడు. షాపు మలుపు దగ్గర ఇక ఉండబట్టలేక, "పొద్దున నేనడిగిన ప్రశ్న, గురువుగారూ..." అన్నాడు.

గురువుగారు సంచిలోంచి టైరు ముక్క తీసి అతని చేతిలో పెట్టారు.

"ఈసారి మనిషిని దింపకుండా చూడు," అన్నారు.