మింగలేని గుళిక

దస్తగిరి సరిగ్గా నిద్రపోయి ఐదు రోజులయింది.

ఆ ఏడాది వానలు వెనకబట్టగానే కుందూ ఏటి ఒడ్డు ఊళ్లన్నిటికీ విషజ్వరం తగులుకుంది. ఏటి గట్టు మీద చిన్న దర్గా. అందులో పీరా బాబా అనే ముసలి ఫకీరు ఉండేవాడు. మందులు బాగా తెలిసినవాడు. కాకపోతే రెండు కళ్లకూ పొరలు కమ్మి, త్రాసు ముల్లు కనబడని స్థితికి వచ్చాడు. అందుకని తూచేదీ, నూరేదీ, గుళికలు చుట్టేదీ అంతా శిష్యుడు దస్తగిరే.

పాతికేళ్లవాడు. ఒంట్లో సత్తువ ఉంది, మనసు మంచిది. చిక్కల్లా ఒక్కటే. "దస్తగిరి కన్నే మూయడంట, వాడు మనిషి కాదంట" అని జనం చెప్పుకునే మాట అతని చెవిన పడింది. ఆ మాట అతనికి బాగా రుచించింది. అప్పటినుంచి నిద్ర ముంచుకొచ్చినా పడుకోవడానికి సిగ్గేసేది.

పోయి కాసేపు పడుకోమని బాబా రెండుసార్లు చెప్పాడు. రెండోసారి దస్తగిరి కాస్త విసురుగానే జవాబిచ్చాడు.

"జరం పండుకుంటాందా బాబా, నేను పండుకునేకి?"

బాబా మళ్లీ చెప్పలేదు.

ఆరోనాడు పొద్దున మద్దిలేటి అనే రైతు తన భార్య సుంకులమ్మను బండిలో వేసుకొచ్చాడు. ఆమె బాలింత. మూడు వారాల పసిబిడ్డ అత్త ఒళ్లో గుక్కపెట్టి ఏడుస్తోంది. సుంకులమ్మ ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. దస్తగిరి నాడి పట్టుకున్నాడు. పట్టుకోగానే భయమేసింది. మందు పడకపోతే ఆమెకు ఈ రోజు గడవడం కష్టం.

చూస్తే గుళికలు అయిపోయాయి. కొత్తగా నూరాలి.

ఆ గుళికలో పడే సరుకుల్లో నాభి అనే వేరు ఒకటి. అది విషం. నూరే రాతి కల్వంలో ఒక వాయి మందుకు గురివింద గింజ ఎత్తు పడితే జ్వరం దిగుతుంది. రెండు గింజల ఎత్తు పడిందంటే మనిషే పోతాడు.

దస్తగిరి కల్వం ముందు కూర్చున్నాడు. వాకిట్లో ముప్పై మంది. ఒకడు బిడ్డకు వాంతులంటాడు, ఒకామె పథ్యం అడుగుతుంది. అందరికీ జవాబు చెబుతూనే తూచాడు, వేశాడు, నూరాడు. నూరే చప్పుడు ఒకచోట ఆగిపోయింది. కాసేపటికి ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలైంది. గోడకు ఆనుకుని కూర్చున్న బాబా తల అటు తిప్పాడు.

పదహారు గుళికలు వచ్చాయి. దస్తగిరి అందులో ఒకటి తీసుకుని, తేనె గిన్నె పట్టుకుని సుంకులమ్మ దగ్గరికి నడిచాడు. మద్దిలేటి భార్య తల ఎత్తి పట్టుకున్నాడు.

"దస్తగిరీ, ఇట్లా రా," అన్నాడు బాబా.

"ఈయమ్మకు మందేసి వస్తా బాబా."

"ఇప్పుడే రా."

వచ్చాడు. బాబా తడుముకుంటూ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ గుళిక నువ్వు మింగు."

"నాకెందుకు బాబా? నాకు జరం ల్యాదే."

"సరిగ్గా చేసిన మందయితే నోరు చేదవుతాది. అంతకంటే ఏమీ గాదు. మింగు."

వాకిట్లో జనమంతా ఇటు తిరిగారు. దస్తగిరికి ఒళ్లు మండింది. ఐదు రోజులు గొడ్డు చాకిరీ చేస్తే, ఇంతమంది ముందు అనుమానిస్తాడా ఈ ముసలాయన అనుకున్నాడు. గుళికను నోటిదాకా తీసుకుపోయాడు.

అక్కడ చెయ్యి ఆగింది.

నాభి ఎప్పుడు వేశాడు? మిరియాల పొడికి ముందు వేశాడు, అది గుర్తుంది. పిప్పళ్లు వేశాక ఎవరో పిలిచారు. తిరిగి చూసుకునేసరికి త్రాసులో గురివింద గింజ ఉంది, చేతిలో నాభి డబ్బా ఉంది. మూత పెట్టబోతున్నాడా? మళ్లీ తూచబోతున్నాడా? ఆ తర్వాత కాసేపు ఏం చేశాడో బొత్తిగా జ్ఞాపకం లేదు.

"మింగప్పా," అన్నాడు మద్దిలేటి. అతని గొంతు మారింది. "ఏం, మింగవా? నా పెండ్లానికి పెట్టబోతివి గదా!"

దస్తగిరి గుళికను నోటి దగ్గరనుంచి దించాడు.

"దీంట్లో ఏముండాదో నాకు తెలీదన్నా."

మద్దిలేటి భార్య తలను మెల్లగా కిందికి దించాడు. లేచి వచ్చి దస్తగిరి చొక్కా పట్టుకున్నాడు. కొట్టేవాడే. బాబా ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుంట తవ్వి అన్నీ పూడ్చిపెట్టు," అన్నాడు శిష్యుడితో. "కల్వం మూడుసార్లు కడుగు. పోయి పండుకో."

"బాబా, ఆయమ్మకు..."

"తూచేకి నాకు కండ్లు ల్యావు. ఈ పొద్దు నీకూ ల్యావు. ఇద్దర్లో ఒకరికన్నా రావల్ల గదా. నాకైతే రావు."

"అంతవరకూ నా పెండ్లాం ఇట్లే కాలిపోవల్లనా?" అని అరిచాడు మద్దిలేటి.

"అంతవరకూ ఆయమ్మ కాడ నేను కూచ్చుంటా. ఏమన్నా అయితే నన్నడుగు, వాన్ని గాదు."

దస్తగిరి చెప్పినట్టే చేసి వెనక గదిలో చాప మీద వాలాడు. ఈ సిగ్గుతో, ఈ భయంతో నిద్ర ఎక్కడ పడుతుందనుకున్నాడు. సుంకులమ్మ మూలుగు వింటూ ఉన్నాడు. ఎప్పుడు పట్టిందో, పట్టింది.

లేచేసరికి ఎండ పడమటికి తిరిగింది. చెవులు రిక్కించాడు. మూలుగు లేదు. పరుగున వాకిట్లోకి వచ్చాడు.

బాబా తడిగుడ్డ పిండుతున్నాడు. ఆయన వేళ్లు నీళ్లకు నాని తెల్లగా ముడతలు పడ్డాయి.

"ఉండాది," అన్నాడు బాబా. "మొదలుపెట్టు. తొందరపడాకు."

దస్తగిరి ఈసారి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. బయటినుంచి ఎవరెంత పిలిచినా పలకలేదు. నాభి తూచి వేయగానే డబ్బా తీసుకుపోయి పై గూట్లో పెట్టి వచ్చి, అప్పుడు నూరాడు. గుళికలు పళ్లెంలో పెట్టుకుని మద్దిలేటి ముందుకు వచ్చి, మొదటిది తన నోట్లో వేసుకున్నాడు.

మద్దిలేటి చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత తనే పళ్లెంలోంచి ఒక గుళిక తీసి తేనెలో రంగరించి భార్య నాలుకకు రాశాడు.

దీపాలు పెట్టే వేళకు రెండో గుళిక పడింది. ఆ వెంటనే ఏమీ కాలేదు. కాలేదని మద్దిలేటి నిలబడలేక, కూర్చోలేక నానా అవస్థ పడ్డాడు. తెల్లవారుతుండగా సుంకులమ్మ మెడ మీద చెమట కనబడింది. కాసేపటికి ఆమె బిడ్డను అడిగింది. మద్దిలేటి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఊళ్లలో జ్వరం మాత్రం తగ్గలేదు. రెండు రోజుల తర్వాత ఎండ నడినెత్తికొచ్చేసరికి జనం ఏటి రేవు దాకా నిలబడి ఉన్నారు. దస్తగిరి చేతిలో ఉన్న మందు ముగించి, కల్వం కడిగి, "కాసేపుండండి" అని చెప్పి లోపలికి పోయి పడుకున్నాడు. పడుకోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అప్పుడే పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన గుర్రబ్బండి దిగాడు. లోపలికి తొంగి చూసి మండిపడ్డాడు.

"ఇంతమంది జరంతో పడుంటే, ఆ మనిషి కాళ్లు చాపుకోని నిద్దరపోతాండాడే! లేపండి వాన్ని!"

బాబా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు నాయనా. మందు తయారయితాంది."