బండిళ్ళ కొలత

శరభయ్య బండిల్లు కట్టి నాలుగు రోజులైంది. చూసినవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకున్నారు. మోక్షలింగస్వామి మాత్రం బాగుందనలేదు, బాగోలేదనీ అనలేదు. శరభయ్యకి అన్నం సయించడం లేదు.

స్వామి ఒకప్పుడు పేరున్న వడ్రంగి. భార్య పోయాక ఊళ్ళో ఉండలేక, ఉలీ బాడిసా వదల్లేక, గోదారి గట్టు పక్కన పాక వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకి పని నేర్పేవాడు, అడిగితే ఓ మంచి మాట చెప్పేవాడు. అడక్కపోతే అదీ లేదు. శిష్యుల్లో శరభయ్య చెయ్యి తిరిగినవాడు. ఈ మధ్య కాస్త తల కూడా తిరిగింది.

ఆ ఏడు వరదకి ఎదుటి లంక సగం కోసుకుపోయింది. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులూ పోయారు. మిగిలినవాళ్ళు గట్టెక్కి గోనెపట్టాల కింద తల దాచుకున్నారు. పొద్దున ఇంత గంజి, రాత్రికి మంచినీళ్ళు. రోజూ ఏదో ఒక పట్టా కింద నుంచి ఏడుపు లేచేది. మొదట్లో అందరూ పరిగెత్తి వెళ్ళేవారు. తర్వాత్తర్వాత తల తిప్పి చూడ్డం కూడా మానేశారు.

జమీందారుగారు జాలిపడి కలప పంపారు. ఇంతే, ఇంక అడగొద్దన్నారు. ఆ కలపతోనే గట్టు మీదున్న ప్రతి కుటుంబానికీ ఒక ఇల్లు కావాలి. అదీ చక్రాల మీద ఉండాలి, ఒక్క ఎద్దు లాగగలిగేలా ఉండాలి. మళ్ళీ ఏరు పొంగితే ఇంటిని అక్కడే వదిలేసి పారిపోవాల్సిన గతి పట్టకూడదు. వానలు ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. ఆలస్యం చేస్తే చావులే.

ఇలాంటి ఇల్లు ఎవరు కట్టారని నేర్చుకోవడానికి? శరభయ్య మనుషుల్ని వదిలేసి పురుగూ పుట్రా వెంట పడ్డాడు. గిజిగాడి గూడు విప్పి చూశాడు, తాబేలు డిప్పని తిరగేసి చూశాడు. చివరికి నత్త దగ్గర ఆగాడు. దాన్ని కొబ్బరిచిప్పలో వేసుకుని, పక్కనే పెట్టుకుని, ఆ చుట్టలు ఎలా తిరిగాయో, ఒళ్ళంతా అంత చోటులో ఎలా ఇముడుతోందో రోజూ చూసుకున్నాడు. దానికి తిండి పెట్టాలన్న సంగతి మాత్రం పాపం మరిచిపోయాడు. నత్త పోయింది, గుల్ల మిగిలింది. గుల్లేగా అతనికి కావలసింది.

ఆ గుల్లని చూసి కట్టిందే ఈ బండిల్లు. వెదురు పక్కటెముకలు, పైన తాటాకు, గుండ్రటి వీపు. వాన చుక్క నిలవదు, గాలి పట్టుకోవడానికి మూల దొరకదు. లోపల ఒక కుటుంబం పడుకోవచ్చు. ఇచ్చిన కలప సరిగ్గా అన్ని ఇళ్ళకీ సరిపోతుంది, ఒక్కటి ఎక్కువా కాదు తక్కువా కాదు. మర్నాడు పొద్దున్నే మిగతా ఇళ్ళకి కలప కొయ్యడం మొదలుపెట్టాలి.

ఇక ఉండబట్టలేక స్వామినే అడిగేశాడు శరభయ్య, ఇందులో లోపమేముందో చెప్పమని.

స్వామి ఇంటి చుట్టూ ఓసారి తిరిగాడు. లోపలికి తొంగి చూశాడు.

"పొడుగు ఇంతే చాలని ఎలా తెలిసింది?"

శరభయ్య మొహం వెలిగింది. ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాడు. "ఊహించి కట్టలేదు స్వామీ. తెల్లారకముందే గట్టు మీదికెళ్ళి, పడుకున్నవాళ్ళని పడుకున్నట్టే కొలిచాను. నత్త ఒంటికి తగ్గట్టు గుల్ల ఉన్నట్టు, వాళ్ళ ఒంటికి తగ్గట్టు ఇల్లు."

స్వామి ఊఁ కొట్టి, పాకలో ఉన్న బియ్యమంతా ఎసట్లో పొయ్యమన్నాడు. గట్టు మీద మొదటి పట్టా కింద ఎవరుంటే వాళ్ళని పిలుచుకు రమ్మన్నాడు.

గంగులూ, అతని భార్య అప్పాయమ్మా, ఇద్దరు పిల్లలూ వచ్చారు. స్వామి పక్కన కూర్చుని దగ్గరుండి వడ్డించాడు. పప్పు, పచ్చడి, మారు అన్నం, మజ్జిగ. తొందరపడొద్దని, మెల్లగా తినమని మాటిమాటికీ చెప్పాడు. పిల్లలు విస్తరి నాకేశారు. అప్పాయమ్మ ముద్ద ముద్దకీ గట్టు వైపు చూస్తూ తింది. అన్నం వాసనకి అక్కడ జనం లేచి నిలబడి ఉన్నారు. వాళ్ళ మాటేమిటని శరభయ్య అడిగితే, ఉన్నది ఇంతేనన్నాడు స్వామి.

తిన్నాక నలుగుర్నీ బండింట్లో కాసేపు నడుం వాల్చమన్నాడు.

అలవాటు చొప్పున నలుగురూ కాళ్ళు కడుపులో పెట్టుకునే పడుకున్నారు. ఇల్లు అచ్చంగా సరిపోయింది. శరభయ్య స్వామి మొహంలోకి చూశాడు. స్వామి తలుపు దగ్గరే కూర్చుని వేపపుల్ల చెక్కుకుంటున్నాడు.

కాసేపటికి గంగులుకి గుర్రు పట్టింది. ఎన్నాళ్ళకో కడుపు నిండిన నిద్ర. ఒళ్ళు వదులైంది. మోకాళ్ళు విడివడ్డాయి, కాళ్ళు చాచుకున్నాయి. మోకాళ్ళ కింద నుంచీ పాదాల దాకా గుమ్మం బయటికి వచ్చి గాల్లో వేలాడాయి. పిల్లల కాళ్ళు పక్క తడికని తన్ని పట్టాయి. తాటాకు చిట్లింది.

ఆ చప్పుడుకి అప్పాయమ్మ ఉలిక్కిపడి లేచింది. మొగుడి కాళ్ళు చూసింది, బయట నిలబడ్డ శరభయ్యని చూసింది.  గబగబా మొగుణ్ణి కుదిపింది.

"ఓయ్, కాళ్ళు ముడుసుకో. అయ్యగోరి ఇల్లు సెడిపోద్ది. మనకియ్యరు."

గంగులు కళ్ళు తెరవకుండానే కాళ్ళు లోపలికి లాక్కున్నాడు.

 తను కొలిచినప్పుడు ఒక్కరి కాలైనా చాచి ఉందా అని శరభయ్య జ్ఞాపకంలో వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు. పట్టాల కింద ఒకే ఒక్క ముసలమ్మ తిన్నగా పడుకుని ఉంది. ఆమెని కొలవలేదు. కొలవబోతే, పోయిందయ్యా, వద్దన్నారు ఎవరో.

 సిగ్గుతో తల ఎత్తకుండానే అన్నాడు.

"పొడుగు పెంచితే కలప చాలదు స్వామీ. కొన్ని కుటుంబాలు గట్టు మీదే ఉండిపోతాయి."

"ఉండిపోతాయి."

"మరి ఏం చెయ్యమంటారు?"

స్వామి పుల్ల పక్కన పెట్టాడు. "ఉండిపోయేవాళ్ళకి ఉండిపొమ్మని పోయి చెప్పు. చెప్పలేకపోతే, ఇతన్ని లేపి, ఈ జన్మకింక కాళ్ళు చాచొద్దని చెప్పు. ఏది చెప్పినా నీ నోటితోనే చెప్పు."

శరభయ్య గంగులుని లేపడానికి గుమ్మం దాకా వెళ్ళాడు.

గంగులు మళ్ళీ గాఢనిద్రలోకి జారుకున్నాడు. పగిలిన పాదాలు రెండూ మెల్లగా బయటికి వచ్చాయి. శరభయ్య అతన్ని లేపకుండానే గట్టు వైపు తిరిగాడు.