జాజికాయకు బదులు ఆగాకర

రాయవలస సంస్థానాధీశులు వీరభూపతిరాజుగారికి ఓ ఉదయం తాంబూలం నోట్లో పెట్టుకోగానే రోషం ముంచుకొచ్చింది.

"తోటలో నాలుగు జాజికాయ చెట్లు పెట్టుకుని నేను బజారు జాజికాయ నమలాలా? దసరాలోగా మన చెట్టు కాయ నా తాంబూలంలో పడాలి. లేదంటే తోటమాలి ఆదెమ్మ తట్టాబుట్టా సర్దుకోవాలి!"

ఆ చెట్లు ఊరికే వచ్చినవి కావు. అప్పట్లో తెల్లదొరలకు దేశదేశానా, దీవిదీవినా తోటలుండేవి. ఇక్కడి విత్తు అక్కడికి, అక్కడి మొక్క ఇక్కడికి ఓడలెక్కి తిరిగేవి. అలాంటి ఓ తోటకు అధికారి ఫెన్విక్ దొర. ఐదేళ్ల కిందట ఆయన రాజుగారి మామిడి అంట్లు వంద పట్టుకుపోయి, బదులుగా నాలుగంటే నాలుగు జాజికాయ అంట్లు పంపాడు. "పూసిన చెట్లనుంచి నేనే ఎంచి కట్టించాను" అని ఉత్తరం కూడా రాశాడు.

ఈ మార్పిడి కుదిర్చిన ఘనుడు తోటల అజమాయిషీ చూసే పారుపత్యదారు జగ్గరాయుడు. చెట్లను పెంచింది మాత్రం ఆదెమ్మ. ఏపుగా ఎదిగాయి, విరగబూశాయి. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది.

"దాని చెయ్యి మంచిది కాదు మహాప్రభో," అన్నాడు జగ్గరాయుడు. "దొరగారి మొక్కకు వంక పెట్టగలమా?"

ఆదెమ్మ చెట్టు కింద కూర్చుని రాలిన పువ్వులు చీల్చి చూసింది. ఒక్కదాంట్లోనూ పిందె కట్టే బొడిపె లేదు. మగచెట్టు, పోతుతాడి, ఎక్కడైనా గెల వేస్తుందా? కాయ అమ్ముకునేవాడు కాసే చెట్టు పంచిపెడతాడా? కడుపు మండిపోయింది. కానీ దొర మాటకూ తన మాటకూ పోటీ పడితే ఏది నెగ్గుతుందో ఆమెకు తెలుసు.

వారం తిరక్కుండా ఫెన్విక్ దొరే దిగాడు. ఈసారి రెండువందల మామిడి అంట్లు కావాలన్నాడు. విందులో ఆగాకరకాయ వేపుడు తిని లొట్టలు వేశాడు.

"ఈ తీగ కూడా కావాలి. మా దీవి తోటకు పంపుతాను."

"ఆదెమ్మా, పన్నెండు కుండీలు సిద్ధం చెయ్యి," అన్నారు రాజుగారు.

"చిత్తం. దొరగారికి తగినవే ఏరి తెస్తాను."

మర్నాడు కొలువులో కుండీలు బారుతీరాయి. తీగల నిండా పసుపుపచ్చని పూలు.

"నేనే దగ్గరుండి ఏరించాను దొరా!" అన్నాడు జగ్గరాయుడు.

దొర కళ్లద్దాలు సవరించుకుని ఓ పువ్వు తిప్పి చూశాడు. ఇంకోటి చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"ఇదేం మోసం! అన్నీ పోతుమొక్కలే! నూరేళ్లు పెంచినా ఒక్క కాయ కాయవు!"

"నేను కాదు, ఆదెమ్మే ఏరింది," అన్నాడు జగ్గరాయుడు ఠక్కున.

రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి. "అతిథికి ఇచ్చేవి ఇలాంటివా ఆదెమ్మా?"

ఆమె చేతులు జోడించింది. "తప్పే మహాప్రభో. కానీ పువ్వు చూడగానే దొరగారు అంత ఖాయంగా ఎలా చెప్పారా అని..."

దొరకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ముప్పై ఏళ్ల చదువు నాది! ఏ దేశపు చెట్టయినా సరే, ఒక్క పువ్వు చాలు!"

ఆదెమ్మ కొంగు ముడి విప్పి గుప్పెడు పూలు ఆయన అరచేతిలో పోసింది.

"అయితే ఇవీ చూసి చెప్పండి దొరబాబూ. తమరు ఎంచి పంపిన జాజికాయ చెట్లవే."

దొర ఆ పూలను అటూ ఇటూ తిప్పాడు. తెలీదంటే చదువు పోతుంది, తెలుసంటే పరువు పోతుంది. చివరికి చదువునే దక్కించుకున్నాడు.

"పోతులే," అని గొణిగాడు.

"అంటే?" అన్నారు రాజుగారు.

"నలుగురు పెళ్లికొడుకుల్ని మనకు తోలి, పెళ్లికూతుళ్లను వాళ్లింట్లో దాచుకున్నారు మహాప్రభో!" అంది ఆదెమ్మ. "ఐదేళ్లుగా ఈ ఇల్లరికపు అల్లుళ్లు ఎరువు మేస్తూ కూచుంటే, పిల్లలు పుట్టలేదన్న నింద నాకు!"

కొలువు గొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకున్నారు. చెవులు ఎర్రబడిన దొర కూడా నవ్వక తప్పలేదు. వచ్చే ఓడలో కాసే చెట్ల అంట్లు పంపుతానని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు జగ్గరాయుడు, తనవైపు ఎవరూ చూడకూడదని.

"పెళ్లికూతుళ్లు దిగాకే మామిడి అంట్ల మాట," అన్నారు రాజుగారు. "ఆదెమ్మా, నీకు రెండెకరాల ఈనాం. ఇంకేం కావాలి?"

"ఇకమీదట తోటకు ఏ మొక్క వచ్చినా, ముందు నాకు చూపించండి మహాప్రభో. పంపినవారికి వందనాల ఉత్తరం తర్వాత రాయించుకోవచ్చు."