పగలగొట్టకూడని అచ్చు

ఏ కాలమో, ఏ దేశమో అని సాగదీయడం నాకు చేతకాదు. రాజ్యం పేరు కలువకొండ, దాన్ని ఏలినవాడు వీరకేసరి. మనిషి మంచివాడే గాని, తనకు తెలియని సంగతి లోకంలో ఒకటుందంటే ఒప్పుకునేవాడు కాదు. అలాంటి రాజు కొలువులో ఇరవై ఏళ్ళు నెగ్గుకొచ్చినవాడు గురవన్న అనే చమత్కారి.

ఆ ఊళ్ళోనే మౌనాచారి అనే కంచరి ఉండేవాడు. అతనూ భార్య కోటమ్మా పక్షం రోజులు కష్టపడి రాజుగారికి ఒక నెమలి దీపం పోసి ఇచ్చారు. రాజు మురిసిపోయి అడిగిన వెల ఇచ్చాడు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

"ఇలాంటివి ఇంకో ఇరవై కావాలి," అన్నాడు రాజు. "వాటిలో మొదటిది నా పుట్టినరోజున కొలువులో వెలిగిస్తాను. కంచు మేమిస్తాం. కూలి మాత్రం ఇవ్వం."

మౌనాచారి తెల్లబోయాడు. "కూలి లేకుండా ఎలా ప్రభూ?"

"అచ్చుకు ఒకసారి ఇచ్చానుగా. మా వంటశాలలో ఒక్క చెక్క అచ్చుతో వెయ్యి పంచదార చిలకలు పోస్తున్నారు. చిలకకింత అని వడ్రంగి వచ్చి అడుగుతున్నాడా?"

"మా అచ్చు అలాంటిది కాదు ప్రభూ. ముందు మైనంతో నెమలిని చేస్తాం. దానిమీద మట్టి మెత్తి కాలుస్తాం. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తాం. చల్లారాక..."

"పనివాళ్ళ సాకులు నాకు చెప్పకు," అన్నాడు రాజు. "ఒప్పుకో, లేకపోతే రాజ్యం విడిచిపో."

ఇరవై దీపాలంటే దగ్గర దగ్గర ఏడాది పని. ఏడాదంతా ఊరికే చేస్తే ఇంట్లో ఐదుగురూ ఏం తిని బతకాలి? కోటమ్మ తిన్నగా గురవన్న ఇంటికి వచ్చి అరుగుమీద కూలబడింది.

"కొలిమి ఆర్పేసి ఎటన్నా పోతాం బాబుగారూ. పుట్టి పెరిగిన ఊరు. అయినా తప్పేట్టు లేదు," అని కళ్ళొత్తుకుంది.

"తొందరపడకమ్మా. రేపు కొలువులో నేనేం మాట్లాడినా కంగారుపడకండి," అన్నాడు గురవన్న.

మర్నాడు అతను రాజును ఆకాశానికెత్తేశాడు. "ప్రభువుల ఆలోచన అమోఘం. అయితే అంత విలువైన అచ్చు కంచరివాళ్ళ ఇంట్లో ఎందుకుండాలి? ఖజానాలో ఉండాలి. దీపాన్నీ అచ్చునీ పుట్టినరోజున కొలువుకు తెచ్చి అప్పగించమనండి. ఆ అచ్చును ఏ పక్షం వాళ్ళు పగలగొట్టినా రెండో పక్షానికి ఇరవై దీపాల పూర్తి వెల చెల్లించాలని శాసనం రాయించండి."

"నేను కూడానా?" అన్నాడు రాజు.

"శాసనమన్నాక రెండు వైపులా ఉండాలి కదా ప్రభూ. అయినా తమ సొత్తును తమరెందుకు పగలగొట్టుకుంటారు?"

ఆ మాట రాజుకు నచ్చింది. అక్కడికక్కడే ముద్ర వేశాడు.

కంగారుపడవద్దని చెప్పినా కోటమ్మ ఆగలేదు. "ఇదేం సాయం బాబుగారూ? మా గొయ్యి మీరే తవ్వారు."

"మీరు మామూలుగా కంచు పొయ్యండి. పోశాక మాత్రం సుత్తి ముట్టుకోవద్దు. ఎలా ఉన్నది అలాగే పట్టుకురండి," అన్నాడు గురవన్న. మౌనాచారి కాసేపు ఆలోచించాడు. సంగతి అర్థమయ్యాక నవ్వాడు.

పుట్టినరోజు వచ్చింది. కొలువు కిటకిటలాడుతోంది. పురోహితుడు నూనె గిన్నె, వత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మౌనాచారి పళ్ళెంలో గుమ్మడికాయంత మట్టిముద్ద తెచ్చి రాజు ముందు పెట్టాడు.

"ఇదిగో అచ్చు ప్రభూ. ఎక్కడా బీట కూడా లేదు."

"బాగుంది. దీపమేదీ?"

"లోపలుంది."

"తియ్యి మరి."

"తియ్యాలంటే అచ్చు పగలగొట్టాలి ప్రభూ. శాసనం ఒప్పుకోదు."

రాజు దిగివచ్చి ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత కోసం వెతికాడు. గోటితో గీకాడు. పంచదార చిలకల అచ్చులా రెండు చెక్కలుగా విడుతుందేమోనని గట్టిగా లాగాడు. అది విడలేదు. సేనాపతి వైపు చూస్తే ఆయన పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. ఎవరి చేత కొట్టించినా అది రాజుగారి పక్షమే కదా.

"ముహూర్తం దాటిపోతోంది," అని గొణిగాడు పురోహితుడు.

ఇక చేసేది లేక రాజే సుత్తి అందుకున్నాడు. నాలుగు దెబ్బలకు మట్టి పెళ్ళలు ఊడి, ఇంకా ఆకురాయితో రుద్ది మెరుగుపెట్టని నల్లటి నెమలి బయటపడింది. రాజు ఒక పెంకు తీసి చూశాడు. దాని లోపల ఒక్క ఈక గుర్తు, అదీ సగమే.

"వీటిని అతికించి ఇంకో నెమలి పొయ్యలేవా?" అని మెల్లగా అడిగాడు.

"పొయ్యలేను ప్రభూ. ప్రతి నెమలికీ మళ్ళీ మైనం దగ్గర మొదలుపెట్టాల్సిందే."

"ఇరవైసార్లూనా?"

"ఇరవైసార్లూ."

రాజు గురవన్న వైపు తిరిగాడు. "నీకిది ముందే తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

"మౌనాచారి చెబుతూనే ఉన్నాడు ప్రభూ. తమరు 'చల్లారాక' అన్నదాకానే విన్నారు."

రాజు చేతిలోని పెంకును చూసుకుని, సుత్తిని చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా శాసనానికి నేనే దొరికిపోయాను. ఇరవై దీపాల వెల ఇప్పుడే ఇచ్చెయ్యండి. ఇకమీద చేసినవాడు చెప్పేది పూర్తిగా విన్నాకే వెల కడతాను."

"ఆ వెలకే ఇరవై దీపాలూ పోసిస్తాం ప్రభూ," అన్నాడు మౌనాచారి. కోటమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. ఊరు విడవక్కర్లేదు, పొయ్యి ఆరదు. గుండెల మీంచి బరువు దిగినట్టయి ఆమె ఏడుస్తూనే నవ్వింది.

రాజు తన మెళ్ళోని హారం తీసి గురవన్న మెడలో వేశాడు. "ఇంకేం కావాలో అడుగు."

"నాకూ ఒక నెమలి దీపం కావాలి ప్రభూ."

ఆ మాట వింటూనే కోటమ్మ ముందుకొచ్చింది. "మీకు ఊరికే ఇస్తాం బాబుగారూ. మీ దగ్గర డబ్బు తీసుకుంటామా?"

గురవన్న రెండు చేతులూ జోడించాడు. "వద్దు తల్లీ. ఊరికే తీసుకునేవాళ్ళ చేత ఆ అలవాటు మాన్పించడానికి ఇంత తంటాలు పడ్డాను. మళ్ళీ నాతో మొదలుపెట్టకు."

అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.